నలభై గుర్రాలు

మోటారు మూత మీద నలభై అని రాసుంది.
నలభై గుర్రాల బలమట.
కుస్కోక్విమ్ ఏటి ఒడ్డున, మా ఊళ్ళో,
గుర్రాన్ని కళ్ళారా చూసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.
వసిలీ మామ కుక్కల్లో లెక్క కడతాడు:
"సగం కుక్కలు పడుకున్నాయి, ఒలింకా.
బండి లాగుతున్నవి మిగతా సగమే."

నిజమే. నెమ్మదిగా పోతే ఏ పేచీ లేదు,
నిద్రలో ముసలాడిలా గుర్రుమంటూ పోతుంది.
పిడి చివరిదాకా తిప్పామా,
ఒక్క ఊపు ముందుకి,
ఆపైన దగ్గు, ఆయాసం.
పడవ ముక్కు గాల్లోకి లేచి
నీటి మీదికి ఎక్కలేక అలాగే ఉండిపోతుంది,
మెట్టు మీద ఒక కాలు పెట్టి ఆగిపోయిన మనిషిలా.

పన్నెండుకి వలలు వదలొచ్చు.
ఆరుకి తీసేయాలి.
ఈ వారం సాల్మన్‌కి మాకు దొరికిన గంటలు అవే.
ఇప్పుడు తొమ్మిదిన్నర.

ముందు ప్లగ్గులు విప్పాను.
రెండూ ఒకే రంగు, మాడీ మాడని రొట్టె రంగు.
మెరుపుందా అని చూడబోతే
మోచేతిదాకా జవాబు చెప్పింది.
ఫ్యాను రెక్కకి రాయి కొరికిన గాటు ఒకటి, పాతదే.
దాని లోపలి రబ్బరు జారలేదు;
జారితే ఇంజను గోల పెడుతుంది, పడవ కదలదు.
ఇక్కడ గోలే లేదు.
కేబుల్ లాగితే కార్బొరేటర్ తలుపు బార్లా తెరుచుకుంటోంది.
ట్యాంకు మూత మీది గాలి మర వదులుగానే ఉంది.
ఫిల్టర్‌లో ఒక దోమ.
ఒక్కటంటే ఒక్కటి.
మా ఊరి దోమలకి అది అవమానం.

మామ బోర్లించిన బకెట్ మీద కూచుని టీ తాగుతున్నాడు.
ముప్పై ఏళ్ళు ఈ మోటారుని విప్పి కట్టినవాడు.
చేతులు వణకడం మొదలైన ఈ ఏడు
స్పానర్ నా వైపు తోశాడు.
దాని గురించీ ఏమీ అనలేదు.

మాటలకి కొదవేం లేదు.
గాలి ఎటు తిరిగిందో, ఎవరి పొగ గుడిసెలో ఆల్డర్ కట్టెలు అయిపోయాయో,
ఏ ఇసుక మేట నిరుటి చోటు నుంచి జరిగిందో,
గంటలు చెబుతాడు.
యాకో గురించి అడిగామా,
ఇద్దరు ఎక్కిన పడవలో ఒక్కడే తిరిగొచ్చిన
ఆ అక్టోబరు రాత్రి గురించి అడిగామా,
కప్పు అడుగున ఆకులు లెక్కపెడతాడు.

పదిన్నరకి తనే అన్నాడు:
"పరుగులో ఉండగా ఆ రబ్బరు ఉండ నొక్కి చూడు."

ఏటి నడుమ, పిడి చివరిదాకా తిప్పి, నొక్కాను.
పడుకున్న కుక్కలు దిగ్గున లేచాయి.
వదిలాను. పడుకున్నాయి.
నొక్కాను. లేచాయి.
ఆకలి! ఇంత సేపూ ఆకలి,
నేనేమో రోగమనుకున్నాను.

ఒడ్డుకొచ్చి, అమ్మ చేపలు చీల్చే ఉలువాక్ కత్తితో
పెట్రోలు గొట్టాన్ని నిలువునా చీల్చాను.
పైన నిక్షేపంలా ఉంది.
లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతోంది.
మెల్లగా పీలిస్తే పక్కకి తప్పుకుని దారిస్తుంది,
గట్టిగా పీలిస్తే ఎగిరొచ్చి గొంతుకి అడ్డం పడుతుంది.
మామ దాన్ని తీసుకుని,
వెలుతురుకి పట్టి,
చాలాసేపు చూశాడు.

నస్తాసియా ఇంటి వెనక ఓ చచ్చిన మోటారు పడుంది.
చావుకి ముందు, ఆఖరి ఆశగా, దానికి తొడిగిన కొత్త గొట్టం.
రెండు చేపలు బాకీ పెట్టి తెచ్చాను.
బిగింపు ఒకటి తక్కువైతే రాగి తీగ చుట్టాను.

పన్నెండుకి పది నిమిషాలు.
పడవ నీటి మీదికి ఎక్కింది.
విల్లో పొదలు వెనక్కి ఉరుకుతున్నాయి,
కడుపులో దడ, చెవుల్లో నలభై కుక్కలు.
ముందు బల్ల మీద, నాకు వీపు పెట్టి, మామ
ఏదో అంటున్నాడు.
మెడ కదులుతోంది, చెయ్యి లేచి
ఎగువన వంపు కేసి చూపించి దిగుతోంది.
మోటారు హోరులో ఒక్క మాటా అందట్లేదు,
నడుమ ఒకసారి "యాకో" తప్ప.

పిడి తగ్గిస్తే వినపడును.
తగ్గించలేదు,
తగ్గిస్తే ఆపేస్తాడేమోనని.